మావయ్య నోటుబుక్కులో స్టేషన్లు

మా మావయ్య పాటల కోసం రేడియో వినేవాడు కాదు. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలే కాదు, అప్పట్లో మా అమ్మమ్మ కూడా నమ్మేది కాదు. "రాత్రనక పగలనక ఆ గరగరేటిరా, శుభ్రంగా ఒక పాట పెట్టుకోరాదా" అని కేకలేసేది. ఎక్కడైనా పాట తగిలితే మావయ్య అది అయిపోయేదాకా విసుక్కుంటూ కూర్చునేవాడు. పాట అయ్యాక అనౌన్సరు ఊరి పేరు చెబుతాడు కదా, ఆ పేరు కోసం.

వాళ్ల ఊరు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, బారువకి దగ్గర. కొబ్బరితోట, జీడితోట, మధ్యలో పనసచెట్లు, గాలి తిరిగితే సముద్రం హోరు. సెలవులన్నీ నాకు అక్కడే. రేడియో ఫిలిప్స్, తోలు కవరుది. ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసే మా పెదమావయ్య తెచ్చి ఇచ్చాడు. దాని డయల్ మీద మావయ్య సన్నని కాగితం ముక్క అతికించి, పెన్సిలుతో గీతలు పెట్టుకున్నాడు. ఒక్కో గీత ఒక్కో ఊరు. 1978 నవంబరులో ఆ గీతలన్నీ ఒక్క రాత్రిలో తప్పైపోయాయి. ఆ నెల 23 నుంచి కొత్త అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం మన ఆసియా వైపు మీడియం వేవ్ స్టేషన్లన్నీ డయల్ మీద 9 కిలోహెర్ట్జ్‌ల ఎడంలోకి సర్దుకున్నాయి. మావయ్య కాగితం పీకేసి, కొత్తది అతికించి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఊరంతా వరి కోతల్లో ఉంటే ఈయన అరుగు మీద కూర్చుని గీతలు గీసుకుంటున్నాడని తాత తిట్టిన తిట్లు నాకు ఇప్పటికీ గుర్తు.

ఆ మార్పుతో ఒక మేలు జరిగింది. మీడియం వేవ్ మీద మన స్టేషన్లన్నీ తొమ్మిదో ఎక్కంలోకి వచ్చాయి. విశాఖపట్నం 927 కిలోహెర్ట్జ్‌లు, విజయవాడ 837, హైదరాబాద్ 738, మద్రాసు 720, ఒడిశాలోని కటకం 972. దేని అంకెలు కూడినా చివరికి తొమ్మిదే తేలుతుంది. చూసుకోండి. నాకు ఎక్కాలు రావని బళ్లో మాస్టారు తొడపాశం పెడుతుంటే, ఇక్కడ మావయ్య "తొమ్మిది డెబ్బైఆరులు ఎంత?" అని అడిగేవాడు. 684. పోర్ట్‌బ్లెయిర్. "తొమ్మిది డెబ్బైఏళ్లు?" 693. ఢాకా. ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి రాత్రిళ్లు ఢాకా పొంగి పోర్ట్‌బ్లెయిర్ మీద పడేది. మా ఊరి వాళ్లు అండమాన్‌లో చాలామంది ఉండేవారు. వాళ్ల ఇళ్ల ఆడవాళ్లు "మా గుంటడున్న ఊరు రేడియోలో వస్తాదటగదా" అని వచ్చి కూర్చునేవారు. వాళ్లకి ఢాకా వినిపించి పంపడం మావయ్యకి నామోషీ. అందుకని రేడియోని మెల్లిగా పక్కకి తిప్పేవాడు.

ఆ తిప్పడంలోనే కిటుకంతా ఉంది. మీడియం వేవ్‌కి రేడియో పైన సాగదీసే ఏరియల్‌తో పని లేదు. లోపల ఫెర్రైట్ కడ్డీ ఒకటి ఉంటుంది, నల్లగా, సుద్దముక్కకి అన్నయ్యలా. దానికి తీగ చుట్టి ఉంటుంది. ఆ కడ్డీ పక్క భాగం స్టేషన్ వైపు ఉంటే బాగా అందుకుంటుంది, కొస అటు తిరిగితే ఆ స్టేషన్ దాదాపు మాయమైపోతుంది. అంటే కావలసింది వినడానికి కాదు, అక్కర్లేనిది చంపడానికి తిప్పాలి. కడ్డీ కొస ఢాకా వైపు పెడితే ఢాకా నీరసించి, వెనక నుంచి పోర్ట్‌బ్లెయిర్ సన్నగా పైకి తేలేది. పెద్దావిడ ఒకావిడ అది విని కళ్లు ఒత్తుకుంది. వస్తున్నది మార్కెట్ ధరలో మరొకటో, హిందీలో. ఆవిడకి ఒక్క ముక్క తెలీదు.

ఇక పగలూ రాత్రీ సంగతి. పగలు మా అరుగు మీద గట్టిగా పలికేది కటకమే. మా జిల్లాకి సొంత మీడియం వేవ్ స్టేషన్ లేదు. 1963లో మొదలైన విశాఖపట్నమే మాకు తెలుగు దిక్కు. ఈ రెండూ కాక పగటిపూట డయల్ అంతా బోసి. అదే రేడియోని మావయ్య మిట్టమధ్యాహ్నం సైకిల్ మీద బారువ సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లేవాడు, నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని. లైట్‌హౌస్ కనబడేచోట తడి ఇసుక మీద గోనెపట్టా పరిచి రేడియో పెడితే, ఇంటి దగ్గర చచ్చినా రాని కలకత్తా సన్నగా, దూరంగా ఎవరో బావిలోంచి మాట్లాడుతున్నట్టు వచ్చేది. పగలు తరంగాలు నేలను అంటిపెట్టుకునే వస్తాయి. నేల మీద కన్నా ఉప్పునీటి మీద అవి చాలా దూరం పోతాయి. ఈ సంగతి నేను తర్వాతెప్పుడో చదువుకున్నాను. అప్పుడు మావయ్య చెప్పింది మాత్రం "నీటి మీద జారుకుంటూ వస్తాదిరా, తెరచాప పడవలాగ" అని. అదీ తప్పేమీ కాదు.

పొద్దు గూకితే లెక్క మారిపోతుంది. ఎండ ఉన్నంతసేపూ భూమికి 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో ఒక పొర ఏర్పడి ఉంటుంది. డి పొర అంటారు. పైకి వెళ్లిన మీడియం వేవ్ తరంగాలను అది మింగేస్తుంది. సూర్యుడు పోగానే ఆ పొర చెదిరిపోతుంది. ఇక అడ్డం లేదు కాబట్టి తరంగాలు ఇంకా పైన ఉన్న పొరల దాకా పోయి, అక్కడి నుంచి వంగి, వందల మైళ్ల అవతల దిగుతాయి. అయితే చీకటి తూర్పు నుంచి వస్తుంది కదా. మాకింకా పడమట ఎర్రగా ఉండగానే బర్మాలో దీపాలు పెట్టేస్తారు. అందుకని సాయంత్రం ముందుగా తగిలేవి తూర్పు స్టేషన్లు. అటు ఢాకా, ఇటు రంగూన్. తర్వాత దక్షిణాన మద్రాసు, విజయవాడ, సింహళం. పడమటివి బాగా రాత్రయ్యాక, లేదా తెల్లారుజామున. ఒమన్ నుంచి వచ్చే బీబీసీని 1413 మీద నేను మొదటిసారి విన్నది కోడి కూసే వేళప్పుడే.

తెల్లారుజామున ఇంకో వేట ఉండేది. ఐదు యాభై ఐదుకి చాలా ఆకాశవాణి కేంద్రాలు ఆ వేకువ ట్యూనుతో మొదలయ్యేవి. డయల్ ఇటు కొస నుంచి అటు కొసకి తిప్పుతూ పోతే ప్రతి చోటా అదే ట్యూను. ఆ తర్వాత ఒకటి రెండు నిమిషాల్లో ఒక్కొక్కరూ తమ ఊరి పేరు చెబుతారు, ఒకరు అరవంలో, ఒకరు ఒరియాలో, ఒకరు హిందీలో. రోజు మొత్తం మీద పేర్లు దొరికే సమయం అదే. కానీ చెయ్యి ఒకటే, డయల్ ఒకటే. ఒకటి పట్టుకుంటే పది పోతాయి. మావయ్య ఆ ఐదు నిమిషాలూ మూత్రానికి కూడా లేచేవాడు కాదు.

అందరూ షార్ట్‌వేవ్‌లో సిలోన్ పెట్టుకుని, అక్కడి తెలుగు అనౌన్సరు మీనాక్షి పొన్నుదురై గారి గొంతు కోసం చెవులు కోసుకునేవారు. మేమూ వినేవాళ్లం, కాదనను. కానీ మావయ్యకి షార్ట్‌వేవ్ అంటే చులకన. "దూరం రావడం దాని ఉద్యోగం. మీడియం వేవ్ దూరం నుంచొస్తే అదీ చోద్యం" అనేవాడు. దూరపు స్టేషన్లు పట్టే ఈ పిచ్చికి డీఎక్సింగ్ అని పేరుందని, లోకంలో చాలామందికి ఇదే రోగముందని మాకు చాలాకాలం తెలియదు.

నోటుబుక్కు గురించి చెప్పాలి. వంద పేజీల గీతల పుస్తకం, అట్ట మీద కొబ్బరినూనె మరక. తేదీ, వేళ, డయల్ మీద చోటు, విన్నది ఏమిటి, చివర్న ఊరి పేరు. నియమం ఒకటే. పేరు చెవితో వినాలి. భాష బట్టి, చోటు బట్టి ఊహించి రాయకూడదు. నేనొకసారి "ఒరియా వస్తంది, కటకమేలే" అని రాసేశాను. మావయ్య చూసి, "పేరినకుండా ఎలగ రాసీస్తావురా? ఒరియా వాళ్లకి ఒక్కటే స్టేషనా?" అని రబ్బరు పెట్టి చెరిపించాడు. పదో తరగతి తప్పిన మనిషి. ఆ పుస్తకం దగ్గర మాత్రం తహసీల్దారు కంటే ఘోరం.

1979 చలికాలం. ఈ పనికి చలికాలమే మంచిది. రాత్రి పొడుగు, ఉరుములు ఉండవు. వేసవిలో ఎక్కడో మెరుపు మెరిస్తే ఇక్కడ రేడియోలో పెటపెట పేలుతుంది. ఆ ఏడు మావయ్య సోంపేటలో మోటార్ల వైండింగ్ షాపు నుంచి రాగితీగ తెచ్చి, రెండు కర్రలు గాలిపటం పుల్లల్లా అడ్డంగా కట్టి, వాటి కొసల మీదుగా ఎనిమిది చుట్లు చుట్టాడు. పక్కకి మీటరు దాకా ఉండేది. పాడైన రేడియోలోంచి, స్టేషన్లు మార్చడానికి తిప్పే గ్యాంగ్ కండెన్సర్ తీసి రెండు కొసల మధ్య కట్టాడు. దీన్నీ రేడియోనీ కలపడానికి తీగ అక్కర్లేదు. పక్కన ఆనించి పెట్టి కండెన్సర్ తిప్పుతుంటే ఒక చోట గొంతు గుప్పున లేస్తుంది. మొదటిసారి అది లేచినప్పుడు ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఆ గొంతు ఏ భాషో తెలియలేదు. ముక్కుతో పలికినట్టు, మెత్తగా. మధ్యలో గంటల్లాంటి వాయిద్యం. అరవం కాదు, బెంగాలీ కాదు. మావయ్య పెన్సిలు పట్టుకుని బిగుసుకుపోయాడు. ఏదో పేరు చెబుతున్నారు, అది ఊరో మనిషో ఎవరికి తెలుసు? అప్పుడు లోపల నులకమంచం కిర్రుమంది. తాత వచ్చాడు. మామూలుగా రేడియో మోగితే దుప్పటి చెవుల మీదికి లాక్కునే మనిషి, వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"ఇది రంగం" అన్నాడు.

మా వైపు పాతవాళ్లు రంగూన్‌ని రంగం అనే అంటారు. తాత పదహారేళ్ల వయసులో బారువ రేవులో ఓడెక్కి అక్కడికి పోయాడట. అక్కడి రేవులో బియ్యం బస్తాలు మోసేవాడు. 1941 డిసెంబరులో జపాన్ వాడు బాంబులు వేశాక లక్షల మందితో పాటు కాలినడకన బయల్దేరి, ఎన్నో నెలలకి ఇల్లు చేరాడు. వెంట బయల్దేరిన తమ్ముడు చేరలేదు. ఈ కథ మాకు అమ్మమ్మ చెప్పిందే. తాత నోట రంగం అన్న మాటే మేమెప్పుడూ వినలేదు.

"ఎలగ తెలిసింది నాన్నా?" అన్నాడు మావయ్య.

"మియన్మా అతాన్ అంతన్నాడు కాదేటి. అతానంటే గొంతు."

ఆ రాత్రి తాత అరగంట సేపు కూర్చున్నాడు. మధ్యమధ్యలో ఒక్కో మాటకి అర్థం చెప్పాడు. బియ్యం. నీళ్లు. రేపు. ఇంకేమీ చెప్పలేదు. తర్వాత స్టేషన్ తగ్గుతూ పెరుగుతూ, అలల్లాగా, చివరికి పోయింది. మావయ్య నోటుబుక్కులో 'రంగూన్' అని రాశాడు. పేరు తాను వినలేదని, నాన్న విన్నాడని పక్కన బ్రాకెట్లో పెట్టాడు. అంత చాదస్తం. తాత మళ్లీ ఎప్పుడూ రేడియో దగ్గరకి రాలేదు. ఒకట్రెండు సార్లు రంగం తగిలినప్పుడు పిలిచాం. "పడుకోండ్రా" అన్నాడు.

మరుసటి ఫిబ్రవరిలో గ్రహణం వచ్చింది. 1980 ఫిబ్రవరి 16, శనివారం. కర్ణాటక నుంచి ఖమ్మం మీదుగా ఒడిశా వైపు పోయిన సంపూర్ణ సూర్యగ్రహణం. ఊళ్లో వీధిలో కుక్క కూడా లేదు. పచ్చడి జాడీల మీద దర్భలు, తలుపులకి గడియలు. మావయ్య మాత్రం నన్ను రెక్క పట్టి పెరటి వసారాలోకి లాక్కెళ్లాడు. సూర్యుడు పోతే స్టేషన్లు వస్తాయి కదా, మరి పగలే సూర్యుడు పోతే? అదీ ఆయన ప్రశ్న. ఎవరు చెప్పారో తెలీదు, ఎవరూ చెప్పలేదనే అనుకుంటాను.

మూడున్నరకి డయల్ మామూలుగానే బోసిగా ఉంది. తర్వాత వెలుగు పల్చబడింది. ఎండ అంటే ఎండే, కానీ నీళ్లు కలిపినట్టు. కొబ్బరాకుల నీడలు వింతగా సన్నబడ్డాయి. కోళ్లు గూటి దగ్గరకి నడిచాయి. అప్పుడు గరగరలోంచి ఒక ఆడగొంతు. బెంగాలీ. ముందు గాలిలా, తర్వాత స్పష్టంగా, పట్టపగలు నాలుగు కావస్తుండగా మా పెరట్లో! తర్వాత పాట మొదలైంది. పాట బాగానే ఉంది, దాన్ని తగలెయ్య, ఎంతకీ అవదు. ఇద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. పాట అయ్యి ఆవిడ మళ్లీ నోరు విప్పే సమయానికి సూర్యుడూ విప్పుకున్నాడు. మాట గరగరలో కలిసిపోయింది.

నేను 'కలకత్తా' అని రాశాను. మావయ్య చెరిపేశాడు. "కలకత్తా కావొచ్చు, ఢాకా కావొచ్చు" అని, 'బెంగాలీ, ఆడగొంతు, గ్రహణం వేళ' అని రాసి ఊరి పేరు దగ్గర ప్రశ్నార్థకం పెట్టాడు. విడుపు స్నానం చెయ్యకుండా రేడియో ముట్టుకున్నామని అమ్మమ్మ మా ఇద్దరి మీదా, ఆ చేత్తోనే రేడియో మీదా పసుపునీళ్లు చల్లింది. స్పీకరు రెండ్రోజులు బొంగురుపోయింది.

తర్వాత కథ అందరిదీ ఒకటే, త్వరగా చెప్పేస్తాను. రిపోర్టులు రాస్తే స్టేషన్లు కార్డులు పంపుతాయని ఎక్కడో చదివి, హైస్కూలు ఇంగ్లీషు మాస్టారి చేత రాయించి మావయ్య ఢిల్లీ ఆకాశవాణికి పంపాడు. విన్న వేళ, ఏం విన్నాం, శబ్దం ఎలా ఉందో ఐదంకెల్లో. 55555 అంటే పక్కింట్లోంచి మాట్లాడినట్టు. మాది 34233. కొన్ని నెలలకి బొమ్మ కార్డొకటి వచ్చింది. దాన్ని వెంకటేశ్వరస్వామి పటం చట్రంలో, అద్దానికి ఒక మూల దోపాడు. అలా ముప్ఫై ఏళ్లుంది. టీవీ వచ్చింది, నాకు విశాఖలో ఉద్యోగం వచ్చింది. తాత పోయాడు, అమ్మమ్మ పోయింది. 2011లో మావయ్య కూడా. రేడియోలూ ఒక్కొక్కటే మూగబోయాయి. దేశంలో చాలా మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు ఆపేశారు. ఉన్నవి వినాలన్నా ఎల్ఈడీ బల్బు, ఇన్వర్టరు, ఫోను చార్జరు, కేబుల్ డబ్బా, అన్నీ కలిసి మీడియం వేవ్ మీద జుయ్యిమని కూర్చున్నాయి. విశాఖలో మా ఫ్లాట్‌లో 927 సైతం ఆ జుయ్యి మధ్యలోంచే వినాల్సి వచ్చేది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. రోడ్లు కాస్త తెరిచాక ఊరు వెళ్లాను. ఉద్దానం చూస్తే కడుపులో దేవినట్టయింది. మావయ్య తోటలో కొబ్బరిచెట్లు అన్నీ ఒకే వైపుకి, దువ్వెనతో దువ్వినట్టు పడి ఉన్నాయి. జీడిచెట్లు వేళ్లతో లేచాయి. స్తంభాలు లేవు, కరెంటు లేదు, ఫోన్లు లేవు. అత్తయ్య కంట నీరు లేకుండా, "నలభయ్యేళ్లు పెంచినాం బాబూ" అని మాత్రం అంది.

నా బ్యాగులో చిన్న డిజిటల్ రేడియో ఉంది. రాత్రి అరుగు మీద పెట్టి, వార్తల కోసమే, ఆన్ చేశాను. గరగర లేదు. బొత్తిగా లేదు. జిల్లా అంతా చీకటి, ఏ వైరులోనూ కరెంటు లేదు. మీడియం వేవ్ మొత్తం 1979లో ఉన్నట్టు, కడిగి ఆరబెట్టినట్టు ఉంది. 684. 693. శ్రీలంకలోని పుత్తళం నుంచి 882. థాయ్‌లాండ్ నుంచి 1575 మీద వాయిస్ ఆఫ్ అమెరికా. 594 మీద బెంగాలీలో, నా ఎదురుగా, "ఆకాశవాణి మైత్రీ" అని ఆడగొంతు పేరు చెప్పింది. 2016లో బంగ్లాదేశ్ శ్రోతల కోసం మొదలుపెట్టిన కార్యక్రమం అది, పశ్చిమ బెంగాల్‌లోని చిన్సురా నుంచి వచ్చేది. నాకు చేతులు వణికాయి. వెంటనే సిగ్గేసింది. చుట్టూ చెట్లు పడి ఉంటే నాకీ సంతోషం ఏమిటి?

వీధిలో వాళ్లు రేడియో మోత విని వచ్చి చుట్టూ కూర్చున్నారు. "బాబూ, కరెంటెప్పుడిస్తారో సెప్తన్నాడేటి?" విశాఖపట్నం వార్తలు పెట్టాను. వాళ్లు వింటున్నారు, నా వేలు మాత్రం పక్క స్టేషన్ మీదకి పోతానంటోంది. వాళ్లు వెళ్లాక రాత్రి రెండు దాకా కూర్చున్నాను. మర్నాడు అత్తయ్యని అడిగి ట్రంకుపెట్టెలోంచి నోటుబుక్కు తీశాను. కొబ్బరినూనె మరక అలాగే ఉంది.

కరెంటు తొమ్మిదో రోజు రాత్రి వచ్చింది. అప్పటికి నేను 1200లకి పైన ఎక్కడో ఒక పాట మీద ఉన్నాను. భాష తెలియదు. తూర్పుదే, రేడియోని తిప్పి చూస్తే అర్థమైంది. పాట అయిపోవస్తోంది. వాయిద్యం తగ్గి, ఎవరో గొంతు సవరించుకుని ఒక మాట అన్నారు, రెండో మాట మొదలుపెట్టారు. ఊరి చివర నుంచి "వొచ్చీసింది, వొచ్చీసింది" అని పిల్లల కేకలు. అరుగు మీద బల్బు వెలిగింది. రేడియో జుయ్యిమంది. గొంతు పోయింది.

లోపల నుంచి అత్తయ్య, "మోటారెయ్యి బాబూ ముందు, మళ్లీ పోతాదేమో" అంది. తొమ్మిది రోజులుగా ట్యాంకులో చుక్క లేదు. నోటుబుక్కులో వేళ రాసి, ఊరి పేరు దగ్గర ప్రశ్నార్థకం పెట్టి, మోటారు వెయ్యడానికి లేచాను.